అప్‌డేట్: మా చిన్ని కుక్క కడుపు కుదుటపడింది

పచ్చి కోడిమాంసం మొదలుపెట్టిన రెండో వారం నుంచి మా పొమెరేనియన్‌కు జిగురు విరేచనాలు అవుతున్నాయని, ఆ తిండి కొనసాగించాలా మానాలా అని నెల కిందట అడిగాను. "ఒంట్లోని మలినాలు పోతున్నాయి, ఆగండి" అని కొందరిచ్చిన సలహా వినకపోవడమే మంచిదైంది. మూడున్నర కిలోల ప్రాణి, ఒంట్లో నీరు పోతే ఎంతసేపు తట్టుకుంటుంది?

మలపరీక్షలో జియార్డియా అనే పేగుల పరాన్నజీవి బయటపడింది. అంటే తప్పంతా మాంసానిది కాదు. నాదీ ఉంది: పాత ఆహారం ఒక్కరోజులో మానిపించి, కోడి మెడలు చర్మం, కొవ్వుతో సహా పెట్టాను. డాక్టరు ఐదు రోజులు మందు ఇచ్చారు. మందుకన్నా శుభ్రతే పెద్ద పని. ఆ పరాన్నజీవి తిత్తులు (మలంలో బయటికొచ్చే, గట్టి పొర ఉన్న దాని రూపం) వెనకభాగం వెంట్రుకలకు అంటుకుని, నాకినప్పుడు మళ్లీ నోట్లోకి వెళ్తాయట. రోజూ కడిగాం, గిన్నెలు మరిగే నీళ్లలో వేశాం.

చర్మం, ఎముకలు తీసి ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం, కాస్త గుమ్మడికాయ, రోజుకు నాలుగుసార్లు కొద్దికొద్దిగా పెట్టాం. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి లేవు. పదో రోజుకు మలం గట్టిపడింది. ఇందులో కాల్షియం చాలదు కాబట్టి మునుపు పెట్టిన పొడి గింజల ఆహారం (కిబుల్) పావువంతు నుంచి మళ్లీ కలుపుతున్నాం.

పచ్చిమాంసం మానేశాం. ఇంట్లో పాకే బాబు ఉన్నాడు, పచ్చిమాంసంలో ఉండగల సాల్మొనెల్లా బ్యాక్టీరియా సోకుతుందని భయం. మా అత్తగారు మాత్రం పెరుగన్నం పెట్టుంటే మొదట్లోనే తగ్గేదంటున్నారు.