అప్‌డేట్: ఈఎస్‌పీ32 వెబ్ పేజీ రెండో ఫోన్‌లో తెరుచుకోని సమస్య తీరింది

నా పాత ప్రశ్న ఇది: ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్‌లోని సెట్టింగ్స్ పేజీ ఒక ఫోన్‌లో బాగానే వస్తుంది, అదే సమయంలో ఇంకో ఫోన్‌లో తెరిస్తే తిరుగుతూనే ఉంటుంది. ఒకేసారి వచ్చే కనెక్షన్లకు హద్దు పెట్టడం ఎలా? జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

తీరా చూస్తే హద్దు ముందే ఉంది. ఐడీఎఫ్ (ఈ చిప్‌కు ప్రోగ్రామ్ రాసే అధికారిక కిట్)తో వచ్చే హెచ్‌టీటీపీ సర్వర్‌లో ‘మ్యాక్స్ ఓపెన్ సాకెట్స్’, అంటే ఒకేసారి తెరిచి ఉండగల కనెక్షన్లు, డిఫాల్ట్‌గా 7. ఒక్క బ్రౌజరే 6 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. పనయ్యాక కూడా కీప్-అలైవ్ (మళ్లీ వాడేందుకు తెరిచే ఉంచడం) పేరుతో, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టు, వాటిని వదలదు.

పనిచేసింది ‘ఎల్‌ఆర్‌యూ పర్జ్ ఎనేబుల్’ను ట్రూ చేయమన్న సలహా. డిఫాల్ట్‌గా అది ఆఫ్. ఆన్ చేస్తే సాకెట్లు నిండినప్పుడు ఎక్కువసేపు వాడకుండా ఉన్న కనెక్షన్‌ను మూసి కొత్తదాన్ని తీసుకుంటుంది. సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లను కూడా హెచ్‌టీఎంఎల్‌లోనే కలిపేశాను, కనెక్షన్లు తగ్గాయి.

7ను ఊరికే పెంచితే సర్వర్ స్టార్టే కాదు. చిప్‌లో నెట్‌వర్క్ పనులు చూసే ఎల్‌డబ్ల్యూఐపీకి డిఫాల్ట్‌గా ఉండే మొత్తం 10 సాకెట్లలో 3 సర్వర్ సొంత పనికి పోతాయి. ముందు మెనూకాన్ఫిగ్ (ఐడీఎఫ్ సెట్టింగ్స్ మెనూ)లో ఆ 10ని పెంచాలి, ర్యామ్ చూసుకుని.

సాఫ్ట్ ఏపీ (చిప్ తానే వైఫై హాట్‌స్పాట్ అయ్యే మోడ్)లోని ‘మ్యాక్స్ కనెక్షన్’కి దీనితో సంబంధం లేదు. అది వైఫైకి ఎన్ని ఫోన్లు కలవొచ్చో చెప్పేది మాత్రమే. వెబ్‌సాకెట్ (పేజీకి, చిప్‌కి మధ్య తెరిచే ఉండే కనెక్షన్) వాడేవాళ్లు ఒకటి గమనించండి: ఖాళీగా ఉంటే పర్జ్ దాన్నీ తెంచేస్తుంది, పేజీలో రీకనెక్ట్ కోడ్ పెట్టుకోవాలి.