బ్రేకింగ్ బ్యాడ్: మెర్కర్ట్‌ని పంపించేయడం న్యాయమేనా? (స్పాయిలర్స్ ఉన్నాయి)

వైజాగ్_శ్రావణి
రెండోసారి చూస్తున్నా. మొదటిసారి, డీఈఏ (అమెరికాలో డ్రగ్స్ కేసులు చూసే ప్రభుత్వ సంస్థ) ఆఫీసర్ హ్యాంక్‌కి బాస్ అయిన జార్జ్ మెర్కర్ట్‌ని అసలు పట్టించుకోలేదు. ఈసారి ఐదో సీజన్‌లో ఆయన ఉద్యోగం పోయే సీన్ దగ్గర ఆపేసి కాసేపు అలా కూర్చుండిపోయా. పైకి చికెన్ హోటళ్ళ ఓనరు, లోపల డ్రగ్స్ డాన్ అయిన గస్ ఫ్రింగ్ జులై 4న వాళ్ళింటికొచ్చాడట, చేప తెచ్చాడట, ఇప్పటికీ ఆ చేప కాల్చేటప్పుడల్లా అల్యూమినియం రేకుతో చిన్న పొట్లం కడుతున్నానంటాడు. అంత పెద్ద డీఈఏ ఆఫీసర్‌కి గుర్తుండిపోయింది ఆ పొట్లం! డబ్బు తినలేదు, కేసు అమ్ముకోలేదు, మంచివాడని నమ్మాడు, అంతే కదా. మీరేమంటారు?

పాత_ఖాకీ
న్యాయమేనండీ. నమ్మినందుకు కాదు, హ్యాంక్ చెప్పాక కూడా నమ్మినందుకు. గస్ కోసం డ్రగ్స్ తయారుచేసి హత్యకి గురైన గేల్ ఇంట్లో గస్ వేలిముద్రలు దొరికాయి. పిలిచి అడిగితే, ఆ కుర్రాడికి ఒకప్పుడు స్కాలర్‌షిప్ ఇచ్చాం, భోజనానికి పిలిస్తే వెళ్ళానని తడుముకోకుండా చెప్పాడు, గదిలో అందరూ సరేననుకున్నారు. తన దేశమని గస్ చెప్పుకునే చిలీలో ఈయన రికార్డులేవీ ఎందుకు దొరకట్లేదని అడిగింది హ్యాంక్ ఒక్కడే. సరిగ్గా నడవలేని మనిషి, రహస్యంగా డ్రగ్స్ తయారుచేసే మన హీరో వాల్ట్ చేతే కారు నడిపించుకుంటూ గస్ వెనక పడాల్సొచ్చింది. కింది ఉద్యోగి అంత గట్టిగా చెప్తుంటే వినడమే కదా పైవాడి పని.

నిజాంపేట్_కిరణ్
మీరు చెప్పింది ఒప్పుకుంటా అన్నా, కానీ అదే కొలత హ్యాంక్‌కి పెడితే? మెర్కర్ట్‌ని మోసం చేసింది పండక్కి వచ్చిన అతిథి. హ్యాంక్‌ని మోసం చేసింది సొంత తోడల్లుడు వాల్ట్. మనకి ఆ మాట వినగానే అర్థమవుతుంది, ఒకే ఇంటి అల్లుళ్ళు, పండగలకీ పుట్టినరోజులకీ పక్కపక్కన కూర్చుని తినేవాళ్ళు. హ్యాంక్ ఆ పదవిలోకి వచ్చాక వాల్ట్ ఆఫీసుకొచ్చి ఏడుస్తాడు, పాపం అని ఈయన కాఫీ తేవడానికి వెళ్తాడు, ఆ రెండు నిమిషాల్లో హ్యాంక్, ఆయన భార్య మేరీల ఫొటో ఫ్రేములో మాటలు దొంగచాటుగా వినే మైక్ పెట్టేస్తాడు వాల్ట్. హ్యాంక్ వైద్యానికి కట్టిన 1,77,000 డాలర్లు కూడా వాల్ట్ డబ్బే, హ్యాంక్‌కి తెలియనే తెలియదు. నిజం తెలిశాక ఆఫీసుకి వెళ్ళి చెప్పలేకపోయింది అందుకే, చెప్పిన మరుక్షణం తన ఉద్యోగం పోతుందని మేరీతో అంటాడు. మెర్కర్ట్‌కి ఏమైందో కళ్ళారా చూసినవాడు మరి.

వైజాగ్_శ్రావణి
కిరణ్ గారూ, మీ రిప్లై చదివి మళ్ళీ ఆ సీన్ పెట్టా. "నా ఎదురుగానే, నా ముక్కు కిందే" అని మెర్కర్ట్ అంటుంటే కెమెరా హ్యాంక్ మొహం మీదే ఉంది. అప్పటికి ఏమీ తెలియదు ఆయనకి, అయినా ఏదో పట్టుకున్నట్టు అలా ఉండిపోతాడు. వాల్ట్ ఇల్లు గుర్తొచ్చి ఉంటుందా?

పాత_ఖాకీ
వచ్చి ఉండదమ్మా. వచ్చి ఉంటే వాల్ట్ బాత్రూమ్‌లో, గేల్ చేతిరాతతో ఉన్న ఆ విట్‌మన్ కవితల పుస్తకం తెరిచినప్పుడు అంత అదిరిపోయేవాడు కాదు.