‘డిస్‌ప్లే పోయింది’ అంటే ఏది పోయినట్టు?

ఒంగోలు నుంచి ప్రశ్న:

గుంపులోని పెద్దలకు నమస్కారం. మా దుకాణంలో లాప్‌టాప్‌ల స్క్రీన్లు మారుస్తాము. మార్చిన తర్వాత ఏదైనా తేడా వస్తే ఇంటి నుంచే తెలుగులో రాసి పంపేందుకు వీలుగా, రశీదు వెనుక కొన్ని ప్రశ్నలు అచ్చు వేయించాలని అనుకుంటున్నాము. కనిగిరి నుంచి ఫోను వచ్చినా, చీమకుర్తి నుంచి వచ్చినా ‘డిస్‌ప్లే పోయింది’ అన్న ఒక్క మాటే వినిపిస్తోంది. దానిని బట్టి ఏ భాగం చూడాలో మాకు తెలియడం లేదు. ‘ప్రదర్శన లోపం’, ‘దృశ్య వైఫల్యం’ అన్న మాటలు వాడమని ఒక మిత్రుడు సూచించారు. ఇవి సరిపోతాయా?

నెల్లూరు నుంచి సమాధానం:

అయ్యా, ఆ రెండు మాటలనూ అచ్చు వేయించవద్దని ముందే మనవి చేస్తున్నాను. వాటిని చదివి అర్థం చేసుకున్నవారు కూడా ఎదుటి ఖాళీలో మళ్లీ ‘డిస్‌ప్లే పోయింది’ అనే రాస్తారు, ఎందుకంటే చిక్కు నామవాచకంలో లేదు, క్రియలో ఉంది. కరెంటు పోయింది అన్నప్పుడు కాసేపటికి తిరిగి వస్తుందన్న నమ్మకం ఆ మాటలోనే ఉంటుంది. ఫ్యూజు పోయింది అన్నప్పుడు కొత్తది వేయక తప్పదన్న తీర్పు ఉంటుంది. స్క్రీను మార్పించుకున్న మనిషి మొదటి అర్థంలో అంటాడు, మీ దుకాణంలోని కుర్రవాడు రెండో అర్థంలో వింటాడు. మదర్‌బోర్డు నుంచి తెరకు వెళ్లే కేబుల్ సరిగా కూర్చోకపోవడం వల్ల వచ్చిన తేడాకు కొత్త ప్యానెల్‌కు, అంటే తెర పలకకే, ఆర్డరు పెట్టడం ఇలాగే జరుగుతుంది.

మీకు కావలసిన విభజన మన జిల్లాల వాడుకలోనే ఉంది. టీవీల కాలం నుంచి మనవాళ్లు ‘బొమ్మ రావటంలా’ అంటారు, ‘బొమ్మ వస్తా ఉండాది గానీ మాట రావటంలా’ అంటారు. బొమ్మ ఒకటి, వెలుగు ఒకటి అన్న తేడాను మీ రశీదు పట్టుకుంటే చాలు. ఎల్‌సీడీ తెర తనంతట తాను వెలగదు. వెనుక ఎల్‌ఈడీ దీపాల వరుస వెలుగునిస్తే, ముందున్న ద్రవస్ఫటికాల పొర ఆ వెలుగును ఒక్కొక్క చుక్క దగ్గర అడ్డుకుంటూనో వదులుతూనో బొమ్మ కడుతుంది. మన నెల్లూరు వైపు కూడా ఆడిన తోలుబొమ్మలాటలో తెల్లగుడ్డ వెనుక దీపం ఉంటుంది, దీపానికీ గుడ్డకూ నడుమ బొమ్మ ఆడుతుంది. దీపం కొండెక్కినా బొమ్మ ఉన్నచోటనే ఉంటుంది. బొమ్మను పక్కకు తీసినా గుడ్డ తెల్లగా వెలుగుతూనే ఉంటుంది.

కాబట్టి ‘బొమ్మ ఉంది, వెలుగు లేదు’ అన్న వాక్యానికి మరమ్మతులో కచ్చితమైన అర్థం ఉంది. చీకటి గదిలో స్క్రీను మీదికి టార్చి వాలుగా వేస్తే కిటికీల గుర్తో, మౌసు బాణమో లీలగా కనిపిస్తుంది. అంటే ప్యానెల్‌కు సమాచారం అందుతోంది, వెనుక దీపాలకు మాత్రం కరెంటు అందడం లేదు. బ్యాటరీ కనెక్టర్‌ను ఊడదీయకుండా డిస్‌ప్లే కేబుల్ తగిలించినప్పుడు ఒక పిన్ను పక్క పిన్నుకు తగిలి, మదర్‌బోర్డు మీది బ్యాక్‌లైటు ఫ్యూజు కాలిపోవచ్చు. ‘పోయింది’ అన్న మాట ఇక్కడ మాత్రం న్యాయంగానే చెల్లుతుంది.

‘వెలుగు ఉంది, బొమ్మ లేదు’ అన్నారంటే తెర తెల్లగానో బూడిదరంగులోనో ఖాళీగా ఉన్నదని అర్థం. అప్పుడు కేబుల్ ఒక పక్క ఎత్తుగా కూర్చున్నదేమో చూడాలి. లేదా వేసిన ప్యానెల్ ఆ యంత్రానికి సరిపడనిదేమోనని అనుమానించాలి. ఎల్‌వీడీఎస్, ఈడీపీ అన్నవి ప్యానెల్‌కు బొమ్మ సమాచారం పంపే రెండు పద్ధతులు, మొదటిది పాతది. పాత ఎల్‌వీడీఎస్ ప్యానెళ్లలోనూ, కొన్ని ఈడీపీ ప్యానెళ్లలోనూ పిన్నులు 40 అయినంత మాత్రాన అవి ఒకటి కావు, తీగల అమరిక వేరు. వెనుక స్టిక్కరు మీది నంబరును పాత ప్యానెల్ నంబరుతో అక్షరం అక్షరం పోల్చి చూడకుండా, ‘15.6 అంగుళాలే కదా’ అని వేసేవారి వల్లనే ఈ రెండో వాక్యం ఎక్కువగా పుడుతుందని నా అభిప్రాయం.

వెలుగూ బొమ్మా రెండూ లేవంటే లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ తీగతో ఇంట్లోని టీవీకి కలిపి చూడమనండి. టీవీలో బొమ్మ బాగా వస్తే గ్రాఫిక్స్ భాగం మీద అనుమానం అక్కరలేదు, ప్యానెల్ వైపో కేబుల్ వైపో చూడవచ్చు. అయితే ఈ విడదీత ఓఎల్‌ఈడీ తెరలకు చెల్లదు, అక్కడ ప్రతి చుక్కా తానే వెలుగుతుంది.

ఇక కదలికను చెప్పే మాటలున్నాయి. ‘మినుకుమినుకుమంటోంది’ అంటే బొమ్మ నిలకడగా ఉండి వెలుగు మాత్రమే హెచ్చుతగ్గులవుతోందని, ‘అదురుతోంది’ అంటే బొమ్మే చోటు తప్పుతోందని నాకు అర్థమవుతుంది. కన్ను అదిరింది అంటాము గానీ దీపం అదిరింది అనము కదా. ట్యూబులైటు మాదిరి వెలిగి ఆరుతుంటే ‘కొట్టుకుంటోంది’ అంటారు. ఈ మూడింటిలో ఏది రాసినా దాని పక్కన ‘మూత కదిలిస్తే మారుతోందా?’ అని అడగండి. మారితే కీలు దగ్గర కేబుల్ నలిగినట్టో, కనెక్టర్ వదులుగా ఉన్నట్టో అనుకోవచ్చు. మూతను ఎలా తిప్పినా చెక్కుచెదరని సన్నని నిలువు గీత అయితే అది చాలావరకు ప్యానెల్ జబ్బే, దానికి కేబుల్‌ను ఎన్నిసార్లు ఊడదీసి పెట్టినా ప్రయోజనం ఉండదు. విండోస్ రాకముందు కనిపించే బయోస్ తెరలోనూ అదే తేడా ఉంటే డ్రైవర్‌ను, అంటే విండోస్‌లో తెరను నడిపే సాఫ్ట్‌వేర్‌ను, తప్పుపట్టనక్కరలేదు. డెల్ యంత్రాలు చాలావాటిలో ‘డి’ మీటను నొక్కిపట్టి పవర్ మీట నొక్కితే తెర తనను తాను పరీక్షించుకుంటూ నిండు రంగులను ఒకదాని తర్వాత ఒకటి చూపుతుంది. ఆ రంగుల్లోనూ గీత ఉంటే ఇక ప్యానెల్ మార్చవలసిందే.

కావలి నుంచి ఒక ఉపాధ్యాయురాలు:

చర్చ బాగుంది గానీ రంగును మీరు వదిలివేశారు. మా ఇంట్లో లాప్‌టాప్‌కు స్క్రీను మార్పించిన తర్వాత ‘పచ్చగా కనిపిస్తోంది’ అని దుకాణం వారికి రాశాము. వారు ఆకుపచ్చ అనుకొని కేబుల్ విప్పి చూశారు, మేము చెప్పింది పసుపుపచ్చ. పచ్చకామెర్లలోని పచ్చ పసుపు, పచ్చజెండాలోని పచ్చ ఆకుపచ్చ. పచ్చజొన్నలు పసుపు రంగులోనే ఉంటాయి, పైరు మాత్రం పచ్చగా ఉందంటే ఎవరూ పసుపు అనుకోరు. పక్కన వస్తువు పేరు ఉన్నంతసేపు తెలుగువారికి ఇబ్బంది లేదు, స్క్రీను పచ్చగా ఉందన్నప్పుడే ఆ ఊత దొరకదు.

నెల్లూరు నుంచి:

అమ్మా, మీరు చెప్పినది రశీదులో తప్పక చేరవలసిన మాట, ఎందుకంటే ఆ రెండు పచ్చలకూ మందులు వేరు. పసుపు అంటే ముందుగా నైట్ లైట్ ఆన్‌లో ఉన్నదేమో చూడాలి. 2017 నుంచి విండోస్ 10లో ఆ సదుపాయం ఉంది, సాయంత్రం కాగానే తనంతట తానే తెరను పసుపుకు తిప్పేలా పెట్టుకోవచ్చు. అది ఆఫ్‌లో ఉన్నా పసుపు పోకపోతే కొత్త ప్యానెల్ తెలుపే పాతదాని తెలుపు కన్నా వెచ్చనిది అనుకోవాలి, దానిని రంగుల అమరికలో కొంతవరకు సరిచేసుకోవచ్చు. ఆకుపచ్చ అంటే తీగ వైపు చూడటం సబబే. పాత ఎల్‌వీడీఎస్ యంత్రాలలో ఒక తీగల జత తెగినా, ఊడినా రంగులు తారుమారవుతాయి. కింది నుంచి చూస్తే రంగులు తిరగబడుతున్నాయని రాస్తే మాత్రం ఎటు నుంచి చూసినా రంగులు నిలిచే ఐపీఎస్ రకం ప్యానెల్ ఉన్నచోట, చూసే కోణాన్ని బట్టి రంగులు మారే టీఎన్ రకం ప్యానెల్ వేశారేమో దుకాణంవారే ప్యానెల్ వచ్చిన పెట్టె చూసుకోవాలి.

ఒంగోలు నుంచి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘వెలుగు ఉందా? బొమ్మ ఉందా? మూత కదిలిస్తే మారుతోందా? రంగు మారితే పసుపా, ఆకుపచ్చా?’ అని వేయిస్తున్నాము. ‘తెర’ అనాలా, ‘స్క్రీను’ అనాలా అన్నది ఒక్కటి తేలలేదు.

నెల్లూరు నుంచి:

‘స్క్రీను’ అనే వేయించండి, మీ దగ్గరకు వచ్చేవారు అడిగేది ఆ పేరుతోనే. టార్చి, టీవీ పరీక్షలను మాత్రం కాగితం మీద పెట్టకుండా, జవాబులు వచ్చాక ఫోనులో చెప్పి చేయించండి.