రన్ అంటే పరిగెత్తడమేనా?

కావలి నుంచి: మా పాప ఏడో తరగతి. 'హర్ నోస్ ఈజ్ రన్నింగ్' అంటే 'ఆమె ముక్కు పరిగెడుతోంది' అని రాసుకొచ్చింది. నవ్వాను గానీ, అంగడి రన్ చేస్తున్నానని నేనే అంటుంటా. ఈ రన్‌కి ఎన్ని అర్థాలు?

ఒంగోలు టీచర్: లెక్కపెట్టొద్దన్నా. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో 'సెట్'కే 430 అర్థాలు. తర్వాత రన్ దాన్ని దాటేసింది. పక్కనుండే చిన్న మాట చూడమనండి. రన్ అవుట్ ఆఫ్ అంటే అయిపోవడం, రన్ ఇంటూ అంటే అనుకోకుండా ఎదురుపడటం. క్రికెట్ రనౌట్ వేరు సుమా.

కందుకూరు రైతు: మన 'కొట్టు' తక్కువ తిందా? పొగాకుకి మందు కొడతాం, సైకిలుకి గాలి కొడతాం, గుళ్లో టెంకాయ కొడతాం. ఎండ కొడుతుంది, వాసనా కొడుతుంది. మీ అంగడీ కొట్టే.

కావలి: పాపకి చదివి వినిపించా. "ముక్కు కారుతోంది అంటాం కదా నాన్నా, మరి కారు పరిగెత్తదా?" అంటోంది. టీచరుగారూ, మీరే చెప్పాలి.