మోరిస్ మైనర్ వెనక ఇరుసు: బేరింగ్ కూర్చునే చోటు అరిగిపోతే ఏం చేయాలి?

ప్రశ్న (విజయవాడ):

మా తాతగారి కాలం నుంచి ఇంట్లో ఉన్న 1959 నాటి మోరిస్ మైనర్ 1000 కారు గంటకు 40 కిలోమీటర్లు దాటగానే వెనక కుడివైపు నుంచి హోరు పెడుతోంది. బ్రేకు డ్రమ్ము విప్పి చూస్తే బ్రేకు లైనింగు గేరు ఆయిలుతో తడిసి ఉంది. ఆటోనగర్‌లో హబ్బు (చక్రం బిగించే దిమ్మ) లాగించినప్పుడు, బేరింగ్ లోపలి రేసు (లోపలి ఉక్కు రింగు) ఇరుసు గొట్టం మీద చేత్తో తిప్పితేనే తిరిగింది. మైక్రోమీటరుతో కొలిస్తే ఆ చోటు ఎడమవైపు దానికన్నా 0.06 మి.మీ. సన్నబడి ఉంది. గొట్టం చుట్టూ సెంటర్ పంచ్‌తో గుంటలు కొట్టి కొత్త బేరింగ్ దిగ్గొడదామని ఒక మెకానిక్, వెల్డింగ్ నింపి లేత్ మీద తిప్పిద్దామని మరొకరు అంటున్నారు. ఈ రెండింటిలో ఏది మేలో అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (లేత్ పనివాడు, రాజమహేంద్రవరం):

రెండూ వద్దండీ. పంచ్ గుంటల అంచులు లేచి కొత్త బేరింగును పట్టుకున్నట్టే ఉంటుంది కానీ, బరువంతా ఆ మొనల మీదే పడటంతో అవి కొన్నాళ్లకే అణిగిపోయి మళ్లీ మొదటికొస్తుంది. వెల్డింగ్ వేడికి గొట్టం వంగే ప్రమాదం ఉంది, పక్కనే ఉన్న, బేరింగును బిగించే నట్టు మరలు కూడా పాడవుతాయి. గొట్టం అడ్డుకొలతలో 0.06 అంటే చుట్టూ 0.03 మాత్రమే కాబట్టి, బేరింగులు అతికించడానికే అమ్మే రిటైనింగ్ ద్రవం చాలు. అయితే ఆ చోటును ఎసిటోన్‌తో తుడిచినప్పుడు గుడ్డకు మరక అంటనంత శుభ్రంగా ఉండాలి, పూశాక రాత్రంతా కదపకూడదు. అరుగుదల ఇంతకు రెండు మూడు రెట్లుంటే మాత్రం మెటల్ స్ప్రే చేయించి గ్రైండింగ్ పట్టించాలి.

ఇంకొక మాట. ఈ బండిలో లోపలి రేసు కదలకుండా ఉండి, హబ్బుతో పాటు బయటి రేసు తిరుగుతుంది. బరువు ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి పడుతుంది గనుక తిరిగే బయటి రేసే హబ్బులో గట్టిగా పట్టి ఉండాలి. లోపలిది కాస్త వదులైనా నట్టు బిగువు దాన్ని నిలబెడుతుంది. మీ గొట్టం అరిగిందంటే ముందు నట్టు వదులై ఉంటుందని నా అనుమానం. నట్టు వదలకుండా పట్టి ఉంచే పాత లాక్ వాషర్‌ను మళ్లీ వాడకండి.

జవాబు (మైనర్ యజమాని, సికింద్రాబాద్):

పై మాటతో ఏకీభవిస్తున్నాను, కానీ ఆయిలు కారడానికి కారణం వేరే ఉండవచ్చు. బేరింగును హబ్బులోకి పూర్తిగా దింపి, కాగితం ప్యాకింగ్ అమర్చిన తరువాత, బేరింగు పక్కనుండే స్పేసరు (ఎడం నిలిపే రింగు) ఆ ప్యాకింగ్ కన్నా 1 నుంచి 4 థౌలు (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే సుమారు 0.025 నుంచి 0.1 మి.మీ. పైకి నిలవాలి. అప్పుడే హాఫ్ షాఫ్టు (చక్రాన్ని తిప్పే కడ్డీ) కొసనున్న బిళ్ల, అంటే ఫ్లాంజి, వచ్చి బేరింగును హబ్బు గట్టుకు నొక్కిపెడుతుంది. మందపాటి అట్టతో ప్యాకింగ్ కోసి పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఆయిలు ఆగుతుందనుకుంటారు గానీ, దానివల్ల ఫ్లాంజి బేరింగును తాకదు, బేరింగు హబ్బులో కదులుతూ ఉంటే ఆయిలు కారుతూనే ఉంటుంది. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నని ఉక్కు బద్ద), ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) ఉంటే అయిదు నిమిషాల పని.

జవాబు (గుంటూరు):

హాఫ్ షాఫ్టు ఎలాగూ బయటికి వచ్చింది కాబట్టి డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యనుండే గేర్ల పెట్టె) వైపు కొసన ఉన్న స్ప్లైన్లు, అంటే షాఫ్టు మీది పొడవాటి పళ్లు, కూడా చూడండి. పళ్లు తిన్నగా కాక మెలి తిరిగినట్టు కనిపిస్తే ఆ షాఫ్టు పని అయిపోయినట్టే. నాది ఒకసారి సిగ్నల్ దగ్గర తెగింది; ఇంజను తిరుగుతోంది, బండి కదలదు! హబ్బు బేరింగ్ ఇరుసు గొట్టం మీదే ఉంటుంది కాబట్టి చక్రం మాత్రం ఊడలేదు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న సాయంత్రం కొలిచాను. పాత ప్యాకింగ్ ఏదో డబ్బా అట్టతో కోసినది, మందం దాదాపు అర మిల్లీమీటరు ఉంది. దానితో కొలిస్తే స్పేసరు పైకి నిలవడం మాట అటుంచి, అట్ట కన్నా కిందికే ఉంది. బయటి రేసు తీసి చూస్తే దాని వీపు అద్దంలా మెరుస్తోంది, అంటే అది కూడా హబ్బులో తిరుగుతూనే ఉందన్నమాట. నట్టు చేత్తోనే వచ్చింది, లాక్ వాషర్ చెవి విరిగి ఉంది. స్ప్లైన్లు బాగానే ఉన్నాయి. ఇప్పుడు హబ్బు లోపలి కొలత తీయించడానికి బోర్ గేజ్ ఉన్న షాపు కోసం వెతుకుతున్నాను.