పొగలో కాంతి శంకువు బోలుగా కనబడడం లేదు

కళాకారుడు ఆంథొనీ మెక్‌కాల్ 1973లో 16 ఎం.ఎం. ఫిల్ముపై చేసిన 30 నిమిషాల ‘లైన్ డిస్క్రైబింగ్ ఎ కోన్’లో గోడ మీద గీతగా పడే వృత్తం కంటే, ప్రేక్షకుడు లోపలికి నడిచి వెళ్లగలిగే బోలు కాంతి శంకువే అసలు శిల్పం. అటువంటి దానికోసం 9 మీటర్ల చీకటి గదిలో 3,000 ల్యూమెన్ల ఎల్‌సీడీ ప్రొజెక్టరుతో ప్రయత్నిస్తున్నాను. కాంతి గాలిలో కనబడడానికి వేసిన సాంబ్రాణి పొగ తెరలు తెరలుగా విడిపోయింది (పైగా అందరికీ దగ్గు). హేజ్ యంత్రం (పలుచని పొగను గదంతా వదిలేది) పెట్టిన పది నిమిషాలకు పొగ సమంగానే పరుచుకుంది గానీ, చిత్రంలో నల్లగా ఉండవలసిన భాగం నుంచి కూడా బూడిదరంగు వెలుతురు వచ్చి శంకువు లోపలంతా నిండిపోతోంది. బ్రైట్‌నెస్‌ను 50 నుంచి 20కి తగ్గిస్తే గీత కూడా మసకబారింది. లెన్సు ముందు నల్ల అట్ట అడ్డుపెడితే అంచుల పదును పోయింది. ప్రొజెక్టరు మార్చకుండా ఈ బూడిద వెలుతురును ఆపే మార్గం ఏమిటి?