ప్రోటాన్ విరగకుంటే వెతకడం ఆపేయల్లనా?

పెన్నా_ఒడ్డు (కడప): మా పాప ఇంటర్ అయిపోయింది. గ్రావిటీ, కరెంటు అయస్కాంతాల బలం, అణుకేంద్రం లోపలి రెండు బలాలు, ఈ నాలుగింటినీ ఒకే లెక్కలోకి తెచ్చే థియరీ మీదే రీసెర్చ్ చేస్తానని పట్టుబట్టింది. ఆ దారి యాడికన్నా పోతాదా? తెలిసినోళ్లు చెప్పండి.

తుంగభద్ర_గట్టు (కర్నూలు): పోదన్నా. 1974లో జార్జి, గ్లాషో అనే సైంటిస్టులిద్దరూ గ్రావిటీని పక్కనబెట్టి మిగతా మూడింటినీ కలిపినారు. ఆ లెక్కన అణుకేంద్రంలో ఉండే ప్రోటాన్ ఎప్పటికైనా విరగల్ల, అంటే వేరే కణాలుగా మారిపోవల్ల. జపాన్‌లో 50 వేల టన్నుల నీళ్లు పెట్టుకోని, అందులోని ప్రోటాన్ ఏదన్నా విరుగుతాదేమోనని 1996 నుంచి కాచుకోనుండారు, ఒక్కటీ విరగలే.

అనంత_లెక్చరర్ (అనంతపురం): ఆ ఒక్క మోడల్ పోయింది, వెతకడం పోలేదు. 1960ల్లో గ్లాషో, వైన్‌బర్గ్, సలామ్ కరెంటు అయస్కాంతాల బలాన్నీ, అణుకేంద్రం లోపలి రెండింటిలో ఒకటైన వీక్ ఫోర్స్‌నూ కలిపినారు, దానికి కావల్సిన డబ్ల్యూ, జడ్ కణాలు యూరప్‌లోని సెర్న్ ల్యాబ్‌లో దొరికింది 1983లో. ఓపిక పట్టల్ల.

తుంగభద్ర_గట్టు: సార్, ప్రోటాన్ విరిగిందా లేదా?

అనంత_లెక్చరర్: లేదు. మన పక్కనుండే కోలార్ గనిలోనే 1980ల్లో మనోళ్లూ జపానోళ్లూ కలిసి 2.3 కిలోమీటర్ల లోతున ఇనుప పలకలు పేర్చి 140 టన్నుల డిటెక్టర్ పెట్టి చూసినారు. పైనుంచి పడే కాస్మిక్ కిరణాలను రాయి ఆపుతాదని అంత లోతుకు పోయినారు. కొన్ని గుర్తులు దొరికినాయన్నారు గానీ పెద్ద డిటెక్టర్లలో కనపడక అవి నిలబడలే. అయినా అదే గనిలో 1965లో వాతావరణంలో పుట్టే న్యూట్రినోలనే చిన్న కణాలను ప్రపంచంలో మొదట పట్టినోళ్లలో మనోళ్లుండారు.

హిందూపురం_పిల్లోడు: మా అబ్బ ఆ గనిలోనే పనిచేసినాడు. లోపల రాయి మీద చెయ్యి పెడితే సెగ తగుల్తాదని చెప్తాండె. ఆడ ఈ పని జరిగిందని ఇప్పుడే తెలిసె.

తుంగభద్ర_గట్టు: ఓపిక ఎవరు పట్టల్ల సార్? నాలుగు బలాలనూ కలపాలని చూసే స్ట్రింగ్ థియరీలో నేను ఏడేండ్లు చేసినా, మా నాయన శనక్కాయలమ్మి పంపిన డబ్బుతో. అందులో ఎన్ని రకాల విశ్వాలు వస్తాయంటే ఒకటి పక్కన 500 సున్నాలు పెట్టల్ల, ఏది మనదో చెప్పేదానికి దారి ల్యా. ఫెలోషిప్ ఆగిపోయినాక గైడ్ ఫోనే ఎత్తలే. ఇప్పుడు నీట్ పిల్లోళ్లకు పుల్లీ లెక్కలు చెప్తాండా.

అనంత_లెక్చరర్: గైడ్ చేసింది ముమ్మాటికీ తప్పే నాయనా. దానికి థియరీ ఏం చేసింది? నువ్వు ప్రోటాన్ ప్రోటాన్ అంటాండావు గానీ నీ కోపం దాని మీద కాదు.

తుంగభద్ర_గట్టు: కాదు. మీ మాట మీద. మీకు పెన్షన్ వస్తాది, ఓపికంటారు. ఆ పాపకు ఏడేండ్ల తర్వాత కూడు ఎవరు పెడతారో చెప్పి అప్పుడు ఓపిక పట్టమనండి.

అడ్మిన్: ఇద్దరూ కొంచెం నిదానంగా.

అనంత_లెక్చరర్: నేను పంపిన పిల్లోళ్లలో ఇద్దరు మధ్యలో వదిలేసి ఇంటికొచ్చినారు. ఆ సంగతి ముందే చెప్పుండల్ల, చెప్పలే. వెతకల్లన్న మాట మాత్రం ఎనక్కి తీసుకోను. పెన్నా ఒడ్డు గారూ, పాపను డిటెక్టర్ల పని, డేటా పని కూడా నేర్చుకోమనండి, అది వేరే చోట కూడా అక్కరకొస్తాది.

తుంగభద్ర_గట్టు: డేటా పని సరే. చేరకముందే ఫెలోషిప్ ఎన్నేండ్లిస్తారో, ఆ గైడ్ దగ్గర చేసినోళ్లు ఇప్పుడు యాడుండారో కనుక్కోమను. నాకెవరూ చెప్పలే ఆ మాట.